మొదట కనిపించేది

"ఇందూ, ఇక్కడెవరో గుంటలు మేడమ్ మేడమ్ అంటూ నా చుట్టూ మూగీసారే. ఎవరే వీళ్ళు?"

ఫోన్లో అక్క గొంతు వినగానే ఇందుమతి చేతిలోని టీ గ్లాసు బల్ల మీద పెట్టేసింది. అనకాపల్లిలో ఆ రోజు జోనల్ కబడ్డీ ఫైనల్. అక్క నాగరత్నం అక్కడి బాలికల హైస్కూల్లో వ్యాయామం టీచరు. ఆ ఆడపిల్లలు ఆమె ఏడాదిగా తర్ఫీదు ఇస్తున్న జట్టు.

"నీ టీమే అక్కా. నిన్న సాయంత్రం కూడా ప్రాక్టీసు చేయించావు."

"నేనా? ఒక్క మొహమూ గుర్తు రావట్లేదే. హెడ్‌మిస్ట్రెస్ వచ్చి, పదండి మ్యాచ్ మొదలవుతాదని గ్రౌండులోకి లాక్కొచ్చీసింది. ఒక పిల్ల నా చెయ్యి పట్టుకుని, మొదటి రైడు ఎవరు వెళ్ళాలి మేడమ్ అని అడుగుతోంది. ఏం చెప్పమంటావు?"

ఇందుమతి కంప్యూటర్ ముందు కూలబడి పళ్ళు కొరికింది. మళ్ళీ ఎవరో డీఫాల్ట్ వ్యూ మార్చారు.

మూడేళ్ళ క్రితం బస్సు ప్రమాదంలో నాగరత్నం తలకు దెబ్బ తగిలింది. ప్రమాదానికి ముందు జరిగినవన్నీ ఆమెకు చక్కగా గుర్తున్నాయి. ఆ తర్వాతివే నిలవవు. పొద్దున తిన్న టిఫిను పది గంటలకల్లా పోతుంది. ఇందుమతి పనిచేసేది విశాఖలోని ఒక మెదడు పరిశోధనశాలలో. అక్కడ తయారైన 'ఆనవాలు' అనే పరికరాన్ని మొట్టమొదట అమర్చుకున్న కొద్దిమందిలో నాగరత్నం ఒకతి. చెవి వెనక చర్మం కింద చిన్న పూస. అది ఆమె చూసినవీ విన్నవీ చిన్న చిన్న నోట్సుగా రాసుకుంటుంది. ఎవరితో, ఎక్కడ, ఎప్పుడు, దేని గురించి అన్న వివరాలతో సహా ఒక డేటాబేస్‌లో దాచుకుంటుంది. ఎదురుగా ఒక మనిషి కనబడగానే ఆ మనిషికి సంబంధించిన నోట్సు తీసి మెదడుకి అందిస్తుంది. చదివినట్టు ఉండదు. తనంతట తనకే గుర్తొచ్చినట్టు ఉంటుంది.

ఇబ్బందల్లా ఒక్కటే. మెదడు ఒక్కసారికి తట్టుకునేది గుప్పెడు నోట్సు మాత్రమే. వేలల్లోంచి ఏ గుప్పెడు ముందు రావాలి? దాన్ని తేల్చేదే వ్యూ. నోట్సు అవే. కొత్తవి ముందు వచ్చేలా ఒక వ్యూ, పాతవి ముందు వచ్చేలా ఒకటి, కొన్నిటిని వడగట్టి పక్కన పెట్టేది ఇంకొకటి, ఎన్నయినా చేసుకోవచ్చు. వరుసలో మొదట నిలబెట్టింది డీఫాల్ట్ అవుతుంది. పూస దాన్నొక్కదాన్నే చదువుతుంది. మిగతావి ఉన్నాయన్న సంగతి కూడా నాగరత్నానికి తెలియదు.

ఇందుమతి అక్క నోట్సు తెరిచింది. ఒక్కటీ చెరిగిపోలేదు. జట్టులో ప్రతి పిల్ల పేరూ ఉంది. కెప్టెన్ సత్యవేణికి ఎడమ మోకాలు నొప్పి, మొదటి రైడుకి పంపకూడదు అని కూడా ఉంది. కానీ వరుసలో మొదట 'ప్రశాంతం' అన్న కొత్త వ్యూ కూర్చుని ఉంది. దాని ఫిల్టర్‌లో ఒక్కటే షరతు: కబడ్డీ అన్న మాట ఉన్నవేవీ చూపించవద్దు. చేసినవారు, సన్యాసిరావు.

అంటే బావ.

ఇందుమతి పాత వ్యూని లాగి మొదట పెట్టింది. దానివల్ల ఇప్పటికిప్పుడు ఒరిగేదేమీ లేదు. మెలకువగా ఉండగా వ్యూ మారితే కళ్ళు తిరిగి పడిపోతారని, మనిషి నిద్రపోయాకే పూస కొత్త వ్యూని చదివేలా ల్యాబ్ వాళ్ళే కట్టడి పెట్టారు. అంటే రేపు పొద్దున. మ్యాచ్ ఇప్పుడు.

"అక్కా, విను. సత్యవేణి అనే పిల్ల ఉంటుంది. దాన్ని మొదటి రైడుకి పంపకు. మోకాలు బాగాలేదు."

"సత్యవేణి ఎవరే ఇందులో? అందరూ ఒకే రంగు బనీన్లు వేసుకున్నారు." వెనక ఈల వినబడింది. ఫోన్ కట్ అయింది.

ఇందుమతి వెంటనే బావకి ఫోన్ చేసింది. సన్యాసిరావు ఆర్టీసీ డిపోలో కంట్రోలర్. చుట్టూ బస్సుల రొద.

"బావా, అక్క నోట్సులో ఏం చేశారు?"

"ఏటీ చేయలేదమ్మా. ఒక్కటీ చెరిపీలేదు. నువ్వే కదా చెప్పావు, ఫిల్టర్ పెడితే ఏదీ పోదు, కనబడదంతే అని."

"ఆవిడకి కనబడకపోతే పోయినట్టే బావా! ఇవాళ ఫైనల్. టీములో ఒక్క పిల్లనీ గుర్తుపట్టడం లేదు."

ఆయన బస్సుల రొదకి దూరంగా నడిచిన చప్పుడు వినిపించింది.

"అదా..." అన్నాడు సన్యాసిరావు. "నాకది తట్టలేదమ్మా. ఆదివారం ఆదివారం ఇంట్లో జరిగే గొడవ ఒక్కటీ ఆగితే చాలనుకున్నాను. ఎన్నిసార్లని చూస్తాం?"

ఆ గొడవ ఇందుమతికి తెలియనిది కాదు. నాగరత్నానికి ఒక్కతే కూతురు, హిమజ. చిన్నప్పటి నుంచి తల్లి దగ్గరే కబడ్డీ నేర్చుకుంది. జిల్లా జట్టుకి ఆడింది. ప్రమాదం జరిగిన ఏడాదికి ఆట మానేసి చేపల పెంపకం డిప్లొమాలో చేరి హాస్టల్‌కి వెళ్ళిపోయింది. ఆ సంగతి తెలిసిన రోజు తల్లి ఇల్లెగిరిపోయేలా కేకలు వేసింది. కొన్ని నెలలకు ఇద్దరూ డాబా మీద కూర్చుని మాట్లాడుకున్నారు, సర్దుకున్నారు. ఆ మాటలూ నోట్సులో ఉన్నాయి. కానీ ల్యాబ్ ఇచ్చిన వ్యూ జరిగిన వరుసలో చూపిస్తుంది. హిమజ మొహం కనబడగానే ముందొచ్చేది ఆ మొదటి గొడవే. డాబా మీది మాటల దాకా వచ్చేసరికి గుప్పెడు నిండిపోయేది. దాంతో ఆదివారం హిమజ గుమ్మంలో అడుగు పెట్టడమే ఆలస్యం, "ఆట మానేసేవటే?" అని కొత్తగా మొదలు.

హిమజ ఓర్చుకోలేక ఒకసారి కొత్తవి ముందు వచ్చేలా తిప్పింది. అప్పటికే ప్రతి ఆదివారం గొడవా ఒక నోటు అయి కూర్చుంది. కొత్తవి ముందు అంటే పోయిన ఆదివారం గొడవ ముందు. ఎటు తిప్పినా తిట్లే. ఇక సన్యాసిరావు విసిగిపోయి అసలు కబడ్డీ అన్న మాటే కనబడకుండా చేశాడు.

మధ్యాహ్నానికి ఇందుమతి అనకాపల్లి చేరింది. స్కూలు గేటు దగ్గరే హెడ్‌మిస్ట్రెస్ ఎదురైంది. నాగరత్నం అంటే ఎంతో ఇష్టపడే మనిషి. ఆ రోజు మాత్రం ముఖం గంటు పెట్టుకుంది.

"ఓడిపోయామండీ. ఓటమి నాకు లెక్క కాదు. మోకాలు బాగాలేని పిల్లని మీ అక్క మొదట పంపేసింది. అదలా కుంటుకుంటూ వచ్చి, మేడమ్, మీరే కదా నన్ను పంపనని అన్నారు అని అడిగితే, నీ పేరేంటమ్మా అంది. పిల్ల ఎక్కెక్కి ఏడ్చింది. ఇంక నేను టీముని ఆవిడకి అప్పగించలేనమ్మా. మీ మిషన్ల సంగతి మీరు చూసుకోండి."

ఇందుమతి ఆటో పిలిచింది.

ఇంటికి వెళ్ళేసరికి నాగరత్నం వంటింట్లో పీట మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. "ఏటే, చెప్పాపెట్టకుండా వచ్చీసావు?" అంది నవ్వుతూ. ముఖంలో ఏ కలతా లేదు. మ్యాచ్ జరిగిందనీ, ఓడిపోయారనీ ఆమెకు తెలియదు. అదీ కబడ్డీ సంగతే కదా. ఫిల్టర్ దాన్నీ ఆపేసింది.

సన్యాసిరావు డిపో నుంచి త్వరగా వచ్చేశాడు. మరదల్ని గుమ్మం అవతలకి పిలిచాడు. "చూడు, ఎంత నిమ్మళంగా ఉందో. ఇప్పుడిదంతా ఎందుకమ్మా చెప్పడం? ఉండనీ."

"అక్కడ పిల్లలు ఏడుస్తున్నారు బావా. ఈవిడ చిక్కుడుకాయలు తుంచుకుంటోంది. దీన్ని నిమ్మళం అంటారా?"

"మరేటి చేయమంటావు? నువ్వు ల్యాబ్‌లో ఉంటావు. రోజూ చూసేది నేను. కూతురు ఇంటికి రావడం మానీసింది. తిట్లు తిన్నదీ మర్చిపోదు, తిట్టినావిడకీ గుర్తుండదు. మధ్యలో నేను." ఆయన చెప్పులు విడిచి గుమ్మం మీద కూర్చున్నాడు. "మంచికే చేశాను."

ఇందుమతికి ఆయన మీద కోపం వచ్చింది, జాలీ వేసింది. రెండూ కలిసి విసుగైంది. నేరుగా వంటింట్లోకి వెళ్ళి, అక్క పక్కన కూర్చుని, పొద్దున జరిగింది జరిగినట్టు చెప్పేసింది.

నాగరత్నం చేతులు ఆగిపోయాయి. "ఆ పిల్ల ఏడ్చిందా?"

"ఏడ్చింది."

"నేను పేరు అడిగానా?"

"అడిగావు."

నాగరత్నం చేతిలోని కాయ పళ్ళెంలో పడేసింది. "ఇందూ, నాకు ఏది గుర్తు రావాలో ఎవరు చెప్తున్నారే?"

"బావ మార్చొచ్చు. హిమజ మార్చొచ్చు. నేను మార్చొచ్చు."

"నేను?"

ఇందుమతి తల దించుకుంది. పేషెంటుకి ఆ అధికారం ఇవ్వలేదు.

"నా బుర్రే, నా చేతిలో లేదేటి?" నాగరత్నం లేచి నిలబడింది. తాను మళ్ళీ మర్చిపోతానని ఆమెకు తెలుసు. గోడకున్న క్యాలెండర్ మీద పెన్సిలుతో పెద్దక్షరాల్లో రాసింది: నన్ను ల్యాబ్‌కి తీసుకెళ్ళండి. అలా రాసి భర్త వైపు తిరిగింది. "ఇది చెరిపీకండి."



ల్యాబ్ అధిపతి డాక్టర్ భుజంగరావు ఇందుమతి మాట పూర్తిగా విన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఒప్పుకోవడం మాత్రం ఆయన స్వభావంలో లేదు.

"చూడమ్మా, వ్యూ మార్చే హక్కు ఇంట్లోవాళ్ళకి ఎందుకిచ్చాం? వాళ్ళకి నిన్నటి సంగతి గుర్తుంటుంది. మీ అక్క ఇవాళ ఒక వ్యూ పెట్టుకుంటారు. రేపటికి అదెందుకు పెట్టుకున్నారో ఆవిడకే తెలియదు. తెలియని సెట్టింగుకి బాధ్యత ఎవరిది?"

"ఇంట్లోవాళ్ళకి తెలిసి పెట్టిన సెట్టింగు ఏం చేసిందో చూశాం కదా సార్."

"అదొక పొరపాటు. ఫిల్టర్ కాస్త జాగ్రత్తగా పెట్టుకోమని చెబుదాం."

"ఎంత జాగ్రత్తగా పెట్టినా అది ఆయన ఫిల్టరే సార్. ఆయనకి ఇబ్బంది కలిగించేది పక్కకి పోతుంది. మా హిమజ పెడితే దానికి ఇబ్బందైనది పోతుంది. మా అక్కకి ఏది ముందు కావాలో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు."

నాగరత్నం ఆ గదిలోనే కుర్చీలో కూర్చుని ఉంది. ఈ వాదన ఎక్కడ మొదలైందో అప్పటికే ఆమెకు జారిపోయింది. భుజంగరావు ఆమె వైపు తిరిగి నెమ్మదిగా అడిగాడు. "అమ్మా, మీకేం కావాలి?"

"ఎందుకు వచ్చామో మీరు మళ్ళీ చెప్పండి సార్, ఏమీ అనుకోకండి."

ఆయన చెప్పాడు. మధ్యలో కల్పించుకోకుండా విందామె.

"అయితే నాకివ్వండి," అంది. "తప్పైతే నాకే కదా తగుల్తాది."

భుజంగరావు చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నాడు. చివరికి, ఒక్క మనిషికే, అదీ పరీక్షగా ఇద్దాం, అన్నాడు. డీఫాల్ట్‌కి తాళం వేసి, తాళం ఆమెకే ఇవ్వాలి. ఇంట్లోవాళ్ళు తమ వ్యూలు తాము చూసుకోవచ్చు గానీ ఆమెది కదిలించకూడదు. తేడా వచ్చి ఆమె వద్దంటే అదే రోజు వెనక్కి.

తేడా మొదటి రోజే వచ్చింది. నాగరత్నం పట్టుదలగా ఫిల్టర్లన్నీ తీసేసి, గుప్పెడన్న పరిమితి కూడా ఎత్తేసి, అన్నీ రమ్మంది. మర్నాడు నిద్ర లేచి భర్త మొహం చూడగానే మూడేళ్ళ కాపురం ఒక్కసారిగా మీద పడింది. మందులు, ఆసుపత్రులు, కరెంటు పోయిన రోజులు, ఆయన పెట్టిన కాఫీలు, ఆయన విసుక్కున్నవి, అన్నీ. గోడ పట్టుకుని కూర్చుండిపోయింది. రోజంతా వాంతులు. సన్యాసిరావు ఫోన్లో ఇందుమతి మీద అరిచాడు. "ఇదేనా మీ తాళం? ఇదేనా స్వాతంత్ర్యం?" భుజంగరావు విషయం విని "నేను ముందే చెప్పాను" అన్నాడు. ఇందుమతికి ఆ ఇద్దరినీ ఒకే గదిలో పెట్టి తలుపేసేయాలనిపించింది.

అయినా వెనక్కి తీసుకోమని నాగరత్నం అనలేదు. కాస్త తేరుకున్నాక చెల్లెల్ని పిలిపించుకుంది. "ఇలాగ కాదు. నువ్వు పక్కన కూర్చో. ఒక్కొక్కరి గురించీ వేరువేరుగా పెట్టుకుందాం."

కూర్చున్నారు. గుప్పెడన్న పరిమితి మళ్ళీ పెట్టి, డీఫాల్ట్‌ని మనిషికొకటిగా విడగొట్టారు. స్కూలు పిల్లల సంగతి తొందరగానే తేలింది. పేరు, ఒంట్లో బాగోలేనివి, ఆఖరి ప్రాక్టీసు. ఓడిపోయిన ఫైనల్‌ని దాచుదామా అని ఇందుమతి అడిగింది. "దాచకు. రేపు సత్యవేణి నాతో మాట్లాడకపోతే ఎందుకో నాకు తెలియొద్దూ?" అంది నాగరత్నం.

భర్త దగ్గర కాసేపు ఆగింది. 'ప్రశాంతం' వ్యూని తెరిచి, మూసి, పక్కకు జరిపింది. దాన్ని తీసేయలేదు. "పాపం, ఆయన పెట్టుకున్నాడు. ఉండనీ. మొదట మాత్రం వద్దు."

హిమజ దగ్గరకొచ్చేసరికి పని ఆగిపోయింది. నాగరత్నం కూతురి నోట్సు మొదటి నుంచి చదవడం మొదలుపెట్టింది. చదువుతుంటేనే వెనకవి జారిపోయేవి. మళ్ళీ వెనక్కి వెళ్ళి మొదలుపెట్టేది. ఆదివారం, తిట్లు. ఆదివారం, తిట్లు. ఒక ఆదివారం హిమజ భోజనం సగంలో వదిలేసి బస్టాండుకి వెళ్ళిపోయింది. ఇంకో ఆదివారం అసలు లోపలికే రాలేదు, గేటు దగ్గర నాన్నకి సంచీ ఇచ్చి వెళ్ళిపోయింది.

"ఇన్నిసార్లా?" అంది నాగరత్నం. "ఒకే మాట ఇన్నిసార్లు ఎలా అన్నానే? దానికి చెవులు చిల్లులు పడలేదా?"

"పడ్డాయక్కా. అందుకే రావట్లేదు."

అప్పుడు డాబా మీది నోటు వచ్చింది. వాన వెలిసిన సాయంత్రం. తడి గోడ మీద తువ్వాలు పరుచుకుని కూర్చున్నారు తల్లీకూతుళ్ళు. హిమజ మాటలు ఉన్నవి ఉన్నట్టు అందులో ఉన్నాయి: "ఆట నీదమ్మా. నువ్వు సంతోషిస్తావని ఆడాను. నువ్వు ఆసుపత్రిలో ఉన్నప్పుడు గ్రౌండుకి వెళ్ళాను. నువ్వు లేకపోతే అక్కడ నాకేం పని అనిపించింది." కింద నాగరత్నం మాట ఒక్కటే ఉంది: "ముందే చెప్పొద్దటే, పిచ్చిదానా."

నాగరత్నం ఆ నోటు మళ్ళీ మళ్ళీ చదివింది. ప్రతిసారీ మొదటిసారి చదివినట్టే కళ్ళు తుడుచుకుంది. ఇందుమతి లేచి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చింది.

"దీన్ని ముందు పెట్టు," అంది చివరికి.

"గొడవలన్నీ తీసేయనా?"

"తీసీకు. నేను తిట్టలేదని నేననుకుంటే ఆ పిల్లకి మండుకొస్తాది. అన్నీ ఒక్క మూటలా కట్టి అడుగున పెట్టు. ఇన్నాళ్ళు తిట్టాను అని ఒక్క ముక్క తెలిస్తే చాలు, ఒక్కోటీ విప్పక్కర్లేదు."

గొడవలన్నిటినీ ఒక గ్రూపుగా మడిచింది ఇందుమతి. డాబా మీది సాయంత్రాన్ని పైన నిలబెట్టింది. దాని కింద, హిమజ చదువు గురించి ఈ మధ్య ఫోన్లో చెప్పినవి. వ్యూకి పేరు పెట్టమంటే నాగరత్నం కాస్త ఆలోచించి 'హిమజ, నేను చూసేది' అని టైపు చేసి, తన వేలితో తాళం వేసింది.

స్కూలు వ్యవహారం అంత తేలిగ్గా కుదుటపడలేదు. టీముని వేరే టీచరుకి ఇచ్చేశారు. నాగరత్నం గ్రౌండుకి వెళ్ళి ఒక పక్కన నిలబడేది. సత్యవేణి చాలా రోజులు ఆమె వైపు చూడలేదు. "సత్యవేణీ, మోకాలికి పట్టీ సరిగ్గా కట్టుకో" అని ఒకనాడు పేరు పెట్టి పిలిస్తే వచ్చి కాలు ముందుకు చాచింది గానీ మాట్లాడలేదు. ఆ ఏడాది జోనల్ కప్పు ఎలాగూ పోయింది.

హిమజ మాత్రం రానంది. "పిన్నీ, ఎన్ని వ్యూలు మార్చారో నాకు లెక్కే లేదు. ప్రతిసారీ ఈసారి బాగుంటాది రా అంటారు. వస్తాను, తిట్లు తిని పోతాను. నా వల్ల కాదు."

"ఈసారి పెట్టింది మేం కాదే. మీ అమ్మ."

హిమజ ఫోన్ పెట్టేసింది. కానీ ఆదివారం వచ్చింది.

ఆ సంగతి ఇందుమతికి మధ్యాహ్నం ఫోన్ మోగేదాకా తెలియదు. సెలవు రోజైనా ల్యాబ్‌లోనే ఉంది. ఫోన్లో హిమజ పేరు కనబడింది. చెయ్యి అలవాటుగా కంప్యూటర్ వైపు వెళ్ళింది.

"పిన్నీ," హిమజ గొంతు వింతగా ఉంది. "అమ్మ నన్ను తిట్టింది."

ఇందుమతి కళ్ళు మూసుకుంది. "కబడ్డీ గురించేనా?"

"కాదు. జుట్టు కత్తిరించుకున్నానని. అడక్కుండా ఎందుకు కత్తిరించావు, చేపలు కొరికీసాయా అని అడిగింది. నా జుట్టు నా ఇష్టం అన్నాను. అలాగయితే నీ దువ్వెన కూడా నువ్వే కొనుక్కో, నాది ముట్టుకోకు అంది. ఇద్దరం గట్టిగా అరుచుకున్నాం. నాన్న పక్కింటికి పారిపోయాడు." అవతల హిమజ నవ్వుతోందో ఏడుస్తోందో ఇందుమతికి అర్థం కాలేదు. "పిన్నీ, ఇలాగ ఇంతకు ముందెప్పుడూ తిట్టలేదు. ఇది కొత్త గొడవ."

ఆమె వెనకాల నాగరత్నం కేక వినబడింది. "ఎవరితోనే ఆ ఇకఇకలు? అన్నం చల్లారిపోతోంది, రా!"

"వస్తున్నానమ్మా! అరవకు!" అని తిరిగి అరిచి, హిమజ ఫోన్ పెట్టేసింది.

ఇందుమతి కంప్యూటర్ మీంచి చెయ్యి తీసేసి, కుర్చీలో వెనక్కి వాలింది.